ఎడమచేతి రాయి

మా నాయన గడ్డం కుడిచేత్తో గీసేవాడు. కత్తి మాత్రం ఎడమచేత్తో నూరేవాడు.

ఆయనది పుట్టుకతో ఎడమచేతి వాటం. మంగలి పనిలో అది పెద్ద చిక్కు. పెళ్లికొడుక్కి క్షవరం చేసేటప్పుడు గానీ, పసిబిడ్డకు పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు గానీ ఎడమచెయ్యి ముందుకొస్తే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. అందుకని మా తాత ఆ చేతిని మొలతాడుకు కట్టేసి మరీ నాయనకు కుడిచేత్తో కత్తి పట్టడం నేర్పాడట. నూరడం నలుగురూ చూసే పని కాదు. ఇంటి వెనక బావి దగ్గర గోనెసంచి పరుచుకుని చేసుకునేది. అక్కడ ఆయన చెయ్యి ఆయన ఇష్టం. తన గడ్డం తాను గీసుకునేటప్పుడు కూడా తలుపు దగ్గరికి వేసుకుని ఎడమచేత్తోనే కానిచ్చేవాడు.

ఇదంతా నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ చూడటం వేరు, బుర్రలోకి ఎక్కడం వేరు. ఎక్కేలోపు నేను చెయ్యాల్సిన వెధవపని చేసేశాను.

డెబ్బయ్యో దశకం చివరి సంగతి. అశ్వారావుపేట రోడ్డుకు లోపలగా, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఊరు. నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లయి, ఒక ఆడపిల్లకు తండ్రినై, సొంతంగా పొది చంకన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతున్నాను. పొది అంటే మా సామాన్ల సంచి. అందులో కత్తులు, కత్తెర, దువ్వెన, నీళ్ల గిన్నె, పటిక ముక్క, నూరిన కత్తిని చివర్లో సవరించుకునే తోలుపట్టా ఉంటాయి. నాకు ముక్కు మీద కోపం. అది పొదిలో పట్టదు కాబట్టి మొహం మీదే మోసుకు తిరిగేవాణ్ణి.

మా ఇంట్లో నూరే రాయి ఒక్కటే. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, బూడిద రంగులో సన్నటి ఆకుపచ్చ జీర. మా ముత్తాత తెచ్చాడని తప్ప ఎక్కణ్నుంచి తెచ్చాడో ఎవరికీ తెలియదు. బజారులో అమ్మే రాళ్లు కొడవళ్లకు, కూరగాయల కత్తులకు సరిపోతాయి. గడ్డం కత్తికి అవి పనికిరావు. అవి గరుకుగా కోసి, అంచును రంపంలా చేసి వదిలేస్తాయి. ఆ కత్తి మొహం మీద పడితే మనిషికి కళ్లనీళ్లు తిరుగుతాయి. మా రాయి మీద నూరిన నాయన కత్తి మాత్రం చెంప మీద పాకుతుంటే పెద్ద పెద్ద రైతులు కుర్చీలో కునికిపాట్లు పడేవారు.

అదే రాయి మీద నేను నూరితే కత్తి తెగేది కాదు. పెనుబల్లి దగ్గర ఒక కామందు నా చెయ్యి పట్టుకుని ఆపి, "గీస్తున్నవా, పీకుతున్నవా?" అని అడిగాడు. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి రాయిని ఎండలో పెట్టి చూశాను. దాని మధ్యలో గుంట పడి ఉంది. ఆ గుంట కూడా తిన్నగా లేదు, ఎడమవైపుకు ఒరిగి ఉంది. ఓహో, తప్పు నాది కాదు, రాయిది అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు నాయన ఒక పెళ్లింటికి పోయాడు. నేను రాయిని బావి గట్టు మీదికి తీసుకుపోయి, ఇసుక చల్లి, నీళ్లు పోసి, చదును చెయ్యడానికి రుద్దడం మొదలుపెట్టాను. గంటసేపు బాగానే సాగింది. గుంట సగానికి తగ్గింది. ఆయన వచ్చి చూసి భుజం తడతాడని కూడా ఊహించుకున్నాను. అంతలో ఆకుపచ్చ జీర వెంట టక్కుమని చిన్న శబ్దం వచ్చి, రాయి అడ్డంగా రెండు ముక్కలై ఇటొకటి అటొకటి పడింది. పైపొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

నాయన సాయంత్రం వచ్చి ఆ ముక్కలు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే నేనూ నాలుగు మాటలు అని తేల్చుకునేవాణ్ణి. ఆయన ఏమీ అనలేదు. రెండు ముక్కల్నీ శుభ్రంగా కడిగి, పాత పంచె గుడ్డలో చుట్టి, గోడ గూట్లో పెట్టాడు. వాటి పక్కనే తన కత్తి కూడా పెట్టాడు. ఆ రోజు నుంచి ఆ కత్తి తియ్యలేదు.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. మా పిల్ల పుట్టినప్పుడు పేగు మెడకు చుట్టుకుని ఏడవలేదు. అప్పుడు నాయన వాకిట్లో నిలబడి, ఈ పిల్ల బతికి బట్టకడితే గోదారి ఒడ్డున నా చేత్తోనే పుట్టెంటికలు తీస్తానని భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. బతకడమేమిటి, అరిచి ఊరంతా లేపేది. తొమ్మిదో నెలలో మొక్కు తీర్చాలని అనుకున్నాం. ఆ తొమ్మిదో నెలలోనే నేను రాయి పగలగొట్టాను. తొమ్మిది దాటితే పదకొండో నెల, అదీ దాటితే మూడో ఏడు. మధ్యలో తియ్యకూడదు.

"మూడో ఏడు తీద్దాంలే నాయనా," అన్నాను.

"మూడో ఏటికి ఈ చెయ్యి గిట్లనే ఉంటదని ఎవడు జెప్పిండు?" అన్నాడు. కుడిచెయ్యి చాపి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నేను అంతకుముందు అది గమనించలేదు.

మా ఆవిడ పిల్లను చంకనేసుకుని నా ఎదుటికి వచ్చింది. "నువ్వే పలగ్గొట్టినవ్, నువ్వే తేవాలె. మామ చెయ్యి తప్ప నా బిడ్డ నెత్తి మీద ఇంకో చెయ్యి పడనియ్య," అంది. ఆమె ఒకమాట అంటే అనడమే.

అలా మొదలైంది నా రాళ్ల వేట. గూట్లోంచి విరిగిన ముక్క ఒకటి నాయనకు తెలియకుండా తీసి, నమూనాకు పొదిలో వేసుకున్నాను. ఏ ఊరికి పోయినా కళ్లు నేల మీదే. వాగుల్లో దిగేవాణ్ణి, బావులు తవ్విన మట్టికుప్పలు కెలికేవాణ్ణి. నాయన ఎలా పరీక్ష చేసేవాడో చూసి నేర్చుకున్నదంతా చేసేవాణ్ణి. గోటితో కొట్టి వినాలి, మొద్దు శబ్దం వస్తే లోపల పగులున్నట్టు. ఒక నీటిచుక్క వేసి చూడాలి. చుక్క వెంటనే ఇంకిపోతే రాయి గుల్ల. గోరు పెట్టి రుద్దితే గోరు నున్నబడాలి గానీ గీతలు పడకూడదు. నాలుకతో నాకి చూడాలి, మట్టివాసన గుప్పున కొడితే అది మెత్తటిది. ఇన్నీ దాటితే అప్పుడు కత్తి.

అన్నీ దాటిన రాళ్లు కూడా కత్తి దగ్గర మోసం చేసేవి. మా వైపు చేలల్లో వాన వెలిశాక కురుందం రాళ్లు ఏరేవాళ్లు. ఎర్రగా మొండిగా ఉంటాయి, వాటి పొడితో సానచక్రాలు చేస్తారు. సానచక్రానికి పనికొచ్చింది నా కత్తికి పనికిరాదా అని దాని మీద నూరాను. అంచు ఊడిన పళ్ల దువ్వెనలా తయారైంది. గోదావరి గులకరాయి ఒకటి కత్తిని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు, గాజు మీద జారినట్టు జారింది. నూరిన ప్రతి కత్తినీ ముందు నా ముంజేతి మీద చూసుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి రెండు చేతుల మీదా, రెండు పిక్కల మీదా వెంట్రుక మిగల్లేదు. ఇక మా ఆవిడ తలవెంట్రుక ఒకటి పీకి, గాలిలో వేలాడదీసి, దానికి కత్తి ఆనించి చూడటం మొదలుపెట్టాను.

"ముందు నా నెత్తి గుండు జేసి, తర్వాత పిల్లది జేస్తవా ఏందయ్యా?" అంది ఆమె.

బస్టాండు దగ్గర టీ కొట్టాయన మంచివాడు. నా ప్రయోగాలకు మూడుసార్లు గడ్డం అప్పగించాడు. నాలుగోసారి నేను పొది విప్పుతుంటే లేచి నిలబడి, "నీ రాయి దొరికినంక కబురు పెట్టు. అప్పటిదాంక గడ్డం పెంచుకుంట," అని కొట్టులోకి పోయాడు.

ఆ రోజుల్లో సత్తుపల్లి వైపు, నేల కింద బొగ్గు ఉందేమోనని బోర్లు దించి చూస్తుండేవారు. అడవి అంచున గుడారాలు వేసుకుని ఒక క్యాంపు ఉండేది. ఆదివారం ఆదివారం నేను అక్కడికి పోయి పనివాళ్లకూ, వాళ్ల పెద్ద సారుకూ క్షవరం చేసి వచ్చేవాణ్ణి. మిషను భూమిలోంచి రాతిని ముంజేతి మందాన గుండ్రటి కడ్డీలుగా పైకి తీసేది. వాటిని చెక్కపెట్టెల్లో గాళ్లు చేసి, ఏ లోతులో వచ్చింది ఆ వరసలో పేర్చేవారు. కొన్నిటిని నిలువునా రెండుగా చీల్చి పెట్టేవారు. అలా చీల్చిన ఒక ముక్క నా కంట పడింది. నల్లటి బూడిద రంగు, ఒకవైపు అచ్చు నూరే రాయిలా చదును. గోటితో రుద్దితే వెన్న తగిలినట్టుంది.

పదకొండో నెల మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. చుట్టూ చూశాను. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. ఆ ముక్క తీసి పొదిలో వేసుకున్నాను. గాడిలో ఖాళీ కనపడితే పట్టుబడతానని, నా దగ్గరున్న మా విరిగిన రాయి ముక్కను ఆ చోట సర్దాను. ఒక రాయి తీసుకుని ఒక రాయి పెట్టాను కాబట్టి ఇది దొంగతనం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని గబగబా ఇంటికి నడిచాను.

కొత్త రాయిని నూరే ముందు ఒక పూట నీళ్లలో నానబెట్టాలి. కుండలో వేసి, మూత పెట్టి పడుకున్నాను. పొద్దున్నే మా ఆవిడ కుండలో చెయ్యి పెట్టి, "నీ రాయి యాడ వోయింది?" అంది.

"అండ్లనే ఉంది. సరిగ్గ చూడు."

ఆమె కుండ ఒంచింది. చిక్కటి నల్లటి బురద జారింది, అంతే. రాయి అనేది లేదు. పాతాళం నుంచి తెచ్చిన వస్తువు ఒక్క రాత్రి నీళ్లు తాగి మట్టయిపోయింది. నేను బుర్ర పట్టుకుని కూర్చుంటే, ఆమె ఆ బురదను వేలితో నలిపి చూసి, మెత్తగా ఉందని పొయ్యి అలికేసుకుంది. నీటిచుక్క పరీక్ష చేసి ఉంటే అక్కడికక్కడే తెలిసేది. కంగారులో అదొక్కటీ మరిచాను.

ఇప్పుడు రెండు తప్పులు నా నెత్తిన ఉన్నాయి. సారు ముక్క తిరిగి ఇవ్వలేను. నాయన ముక్క అక్కడ ఉండిపోయింది. ఏదో ఒక పొద్దున ఆయన గూట్లోని గుడ్డ విప్పితే నా పని అంతే.

ఆదివారం పోయేసరికి సారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద ఉంటాడేమో. నేను సబ్బు నురగ పూసి, గొంతు దగ్గర కత్తి ఆనించాను. అప్పుడు మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, నీకు చెప్పినా అర్థం కాదనుకో. రెండొందల అడుగుల కింద అసలు ఉండకూడని రాయి ఒకటి వచ్చింది. పైన బొగ్గు మట్టి, కింద బొగ్గు మట్టి, మధ్యలో ఎక్కడిదో పాత రాయి. నాలుగు రోజులుగా నిద్ర లేదు నాకు. ఈ లెక్కన ఈ ప్రాంతం భూమి అంతా తలకిందులై ఉండాలి. రేపు హెడ్డాఫీసుకి రాసి పంపిస్తున్నాను."

నా చెయ్యి ఆగిపోయింది. కత్తి గొంతు మీద ఉండగా నిజం చెప్పడం మంచిదా, తీసేశాక చెప్పడం మంచిదా అని ఆలోచించాను. కత్తి తీసి, మడిచి, జేబులో పెట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి చెప్పాను. "సారూ, భూమి బాగనే ఉంది. ఆ రాయి నేనే పెట్టిన."

సగం గడ్డం నురగతో ఆయన లేచి నిలబడ్డాడు. తిట్టాడు. తెలుగు అయిపోయాక ఇంగ్లీషులో తిట్టాడు. నేను ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేశాను, నాయన రాయి పగలగొట్టడం దగ్గర్నుంచి మా ఆవిడ పొయ్యి అలకడం దాకా. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆయన మళ్లీ కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నురగ చొక్కా మీద పడుతున్నా ఆగలేదు.

"మిషనులో కొంత ముక్క పైకి రాకుండానే పోవడం మామూలే. ఆ అడుగు దొరకలేదని రాసుకుంటాను, పో," అన్నాడు. "ఇంతకీ ఈ రాయి ఎక్కడిది?"

"అదే తెల్వదు సారూ. తెలిస్తే ఈ బాధ ఎందుకు?"

ఆయన మా ముక్క తెప్పించి, జేబులోంచి చిన్న భూతద్దం తీసి కన్ను దగ్గర పెట్టి చూశాడు. తర్వాత నాలుకతో నాకాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాయన చేసే పనే, అంత చదువుకున్నాయన కూడా చేస్తున్నాడు.

"ఇది పలకరాయి. నీకు మీ బొగ్గు నేలలో జన్మలో దొరకదు. పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారిలో, ఎడమపక్క అడవిలో ఒక వాగు గట్టును కోసి ఉంటుంది. పోయినేడు మేం అక్కడ తిరిగాం. ఈ ఆకుపచ్చ జీర అక్కడ చూసిన గుర్తు," అన్నాడు. కాగితం మీద గీసి కూడా ఇచ్చాడు. మిగిలిన సగం గడ్డం ఎంత జాగ్రత్తగా గీశానో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికి పోయి ముక్కను నాయన చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం మీది గీతలు చూశాడు. చదువు రాదు కానీ దారి అర్థమైంది. "రేపు పొద్దుగాల బస్సుకు పోదాం. పిల్లను గూడ తీస్కరండ్రి. దొరికితే గట్లనే గోదారికి పోవుడే," అన్నాడు. పదకొండో నెల ఇంకా ఎనిమిది రోజులు ఉంది. గూట్లోంచి తన కత్తి తీసి పొదిలో పెట్టుకున్నాడు.

సారు చెప్పిన చోట బస్సు దిగి, అడవిలో నడిచి, ఒక కోయగూడెం దాటి వాగులో దిగాం. నాయన, నేను, మా ఆవిడ, ఆమె చంకలో పిల్ల. గూడెం పెద్దాయన ఒకరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గట్టు బండ మీద గొడ్డలి నూరుకుంటున్నాడు. మమ్మల్ని చూసి పని ఆపలేదు. నాయన మాత్రం చెప్పులు విడిచి, ఆ నూరే శబ్దం వింటూ నిలబడిపోయాడు. రెండు నెలల్లో ఆయన మొహం అలా విప్పారడం నేను చూడలేదు.

గట్టు మీద పలకలు పలకలుగా రాళ్లు పడి ఉన్నాయి. నేను ఆకుపచ్చ జీర ఉన్నవి ఏరి తెచ్చి వరసగా నాయన ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, నీళ్లలోకి విసిరేశాడు. పదిహేను, ఇరవై రాళ్లు అలా పోయాయి. నా కోపం నా ముక్కు మీదికి ఎక్కింది. "దానికేం తక్కువైంది నాయనా?" అన్నాను.

సమాధానం ఆ పెద్దాయన చెప్పాడు. "ఎండకు పడి ఉన్నయి చచ్చిన రాళ్లు. పొరలల్ల పగులు వచ్చేస్తది. నీళ్ల కింద ఉన్నది తియ్యాలె." మా పగిలిన రాయి ముక్క చూసి, అదే గట్టు రాయి అని తల ఊపాడు. గూడెం నుంచి గునపం తెప్పించి, తను గొడ్డలి నూరే బండకు కిందుగా, నీళ్లలో చెయ్యి పెట్టి తడిమి చోటు చూపించాడు. నేనూ ఆయనా కలిసి ఎత్తి తీశాం. మూరెడు పలక, కన్ను తిప్పుకోనివ్వని ఆకుపచ్చ జీర.

నాయన దాన్ని గోటితో కొట్టాడు. సన్నగా మోగింది. నాకి చూశాడు. నీటిచుక్క వేశాడు. చుక్క అలాగే నిలబడింది. మేమంతా ఆ చుక్కను చూస్తూ కూర్చున్నాం. పిల్ల వేలు పెట్టి చెరిపేదాకా అది కదల్లేదు.

పలకను రెండు ముక్కలు చేసి, ఒకదానితో ఒకటి రుద్ది చదును చెయ్యడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. తర్వాత నాయన నీళ్లలోనే ఒక గుండ్రాయి మీద కూర్చుని కత్తి విప్పాడు. చుట్టూ చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆగి, ఎడమచేత్తో కత్తి పట్టాడు.

"నీది ఎడమచెయ్యా?" అన్నాడు పెద్దాయన.

"నూరేటప్పుడు," అన్నాడు నాయన.

"మంచిగ తిరుగుతంది," అని పెద్దాయన తన గొడ్డలి పని తాను చూసుకున్నాడు.

కత్తి రాయి మీద పోతూ వస్తూ ఉంటే సన్నటి ఊపిరి లాంటి శబ్దం వచ్చింది. రాయి మీది నీళ్లు నల్లబడ్డాయి. ఉక్కు అరుగుతోందన్నమాట. మా ఆవిడ తనంతట తానే ఒక తలవెంట్రుక పీకి పట్టుకుంది. "ఇదే ఆఖరు. ఇంక నా నెత్తిన మిగల్లేదు," అంది. నాయన కత్తి ఆనించాడో లేదో, వెంట్రుక రెండయి సగం నీళ్లలో పడింది. పెద్దాయన నవ్వుతూ వచ్చి గడ్డం ముందుకు చాపాడు. నాయన కుడిచేత్తో గీశాడు. అయ్యాక ఆయన చెంప తడుముకుని, "ఎప్పుడు గీసినవ్?" అని అడిగాడు.

నేను నా కత్తి తీసి, ఆ రాయి మీద పెట్టబోయాను. నాయన నా చెయ్యి పట్టి రాయికి కుడివైపు జరిపాడు. "నువ్వు ఈ దిక్కు నూరుకో. ఆ దిక్కు నాది," అన్నాడు. "పాత రాయికి వంకర లేదురా. నా చెయ్యి గట్ల తిరుగుతది. నలభై ఏండ్లు నూరితే రాయి గట్ల అరిగింది. కుడిచెయ్యోడివి, నీకెట్ల కుదురుతది?"

"మరి ముందే చెప్పరాదా నాయనా?"

"నువ్వు అడిగినవా?"

ఆయన అరిగించుకున్న చోటును నేను ఇసుకేసి చెరిపాను. కత్తి నూరుతూ తల వంచుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వాగులో నీళ్లకేం కొదవ, ఎవరూ గమనించలేదు.

మర్నాడు పొద్దున భద్రాచలంలో గోదారి ఒడ్డుకు మా బావమరిది కూడా వచ్చాడు. మేనమామ కదా, మొదటి కత్తెర అతనిదే. ఒక కుచ్చు కత్తిరించి ఆకులో వేశాడు. అక్కడ గుండ్లు చేసేవాళ్లంతా మాకు వరసకు చుట్టాలే, మాకు ఒక మెట్టు ఖాళీ చేసి ఇచ్చారు. చుట్టూ పదిమంది పిల్లలు ఆకాశం బద్దలయ్యేలా ఏడుస్తున్నారు. మా పిల్ల ఊరుకుంటుందా, వాళ్లందరినీ మించి అందుకుంది. తల్లి ఒళ్లో పడుకోబెట్టి నాయన తల తడిపాడు. కుడిచేత్తో కత్తి తీసి దగ్గరికి తెచ్చాడు. చెయ్యి వణికింది. తీసేశాడు. మళ్లీ తెచ్చాడు. మళ్లీ వణికింది. వాగులో పెద్దాయన గడ్డానికి రాని వణుకు, ఆ లేత మాడు చూసేసరికి వచ్చింది. ఆయన నా వైపు చూశాడు. కత్తి నా చేతికి ఇచ్చేస్తాడని నాకు అర్థమైంది. రెండు నెలలు తిరిగింది దీనికా అనుకున్నాను.

మా ఆవిడ తలెత్తకుండా, పిల్ల చెవులు పట్టుకుని, "మామా, నీకు ఏ చెయ్యి కుదిరితే ఆ చెయ్యే పెట్టు," అంది.

"ఎడమచెయ్యా?" అన్నాడు మా బావమరిది, అదిరిపడి.

"నీ పని అయిపోయింది. నోరు మూసుకొని ఆకు పట్టుకో," అంది ఆమె.

నాయన కత్తి ఎడమచేతికి మార్చాడు. ఆ చెయ్యి వణకలేదు. కత్తి పిల్ల మాడు మీద ఒక్క గీత దిగింది, జుట్టు మెత్తగా లేచి ఆకులో పడింది. రెండో గీతకు ఏడుపు తగ్గింది. సగం తల అయ్యేసరికి వినపడటం మానేసింది. ఏమైందా అని వంగి చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నాయన ఒక్కసారి కత్తి ఎత్తి, భుజంతో కళ్లు తుడుచుకుని, మిగతా సగం కూడా ఎడమచేత్తోనే పూర్తి చేశాడు. చుట్టాల్లో ఒకాయన చూసి ముక్కు చిట్లించాడు. నాయన ఆయన వైపు చూడను కూడా చూడలేదు. ఆ తర్వాత ఆయన బతికిన పదకొండేళ్లూ, పిలిచినవాళ్లకు ఇష్టమైతే ఎడమచేత్తోనే గీశాడు, ఇష్టం లేకపోతే నన్ను పంపాడు.

తొంభైల్లో బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులు వచ్చాయి. ఒక మనిషికి వాడిన బ్లేడు ఇంకో మనిషికి వాడొద్దన్నారు, అది మంచిదే. రాయితో పని తగ్గింది. నా గడ్డానికి మాత్రం నాయన కత్తే, ఆ రాయే. రాయికి ఎడమవైపు ఒక గుంట, కుడివైపు ఒక గుంట, మధ్యలో రెండు మడుల మధ్య గట్టులా సన్నటి మెరక.

ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి, గోదారి ఒడ్డున నిద్రపోయిన ఆ పిల్ల, పద్దెనిమిదేళ్లది, బావి గట్టు మీద కూర్చుని ఉంది. ముందు ఆ రాయి, పక్కన దోసెడు ఇసుక. "నాన్నా, రాయి రెండు దిక్కుల గుంటలు పడ్డది. రుద్ది చదును చేసి పెడదామని," అంది ముచ్చటగా.

నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. ఇంకా ఏమేమి అన్నానో గుర్తులేదు. పిల్ల బిక్కమొహం వేసుకుని లేచి నిలబడింది. మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చి, నన్నూ, ఇసుకనూ, రాయినీ మార్చి మార్చి చూసింది.

"అది ఇంక రుద్దనన్న రుద్దలే," అంది. "నువ్వు ఏకంగ పలగ్గొడితే మామ నిన్ను ఒక్క మాట అన్నడా?"

అనలేదు. నేను పిల్ల పక్కన గట్టు మీద కూర్చుని, రాయి మీది ఇసుక కడిగేశాను. ఎడమవైపు గుంటలో పిల్ల బొటనవేలు పెట్టించి, ఇది మీ తాతది అని చెప్పాను.